మెదడు కణాలు దేనివల్ల చచ్చిపోతాయి డాక్టరుగారూ?

ప్రశ్న: డాక్టరుగారూ నమస్తే. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "మెదడు కణాలని చంపేసే 10 అలవాట్లు" అని ఒక మెసేజ్ వచ్చింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందంట. టిఫిన్ మానేయడం, దుప్పటి ముసుగేసుకుని పడుకోవడం, ఒంట్లో బాలేనప్పుడు చదవడం, తక్కువ మాట్లాడటం, స్వీట్లు ఎక్కువ తినడం ఇలా ఉంది అందులో. మా బాబు ఇంటర్ సెకండ్ ఇయర్, ముసుగు తన్ని పడుకుంటాడు, టిఫిన్ తినడు, పోయిన నెల జ్వరంతో కూడా చదివాడు, రాత్రి 4 గంటలే నిద్ర. మావారు శని ఆదివారాలు మందు తీసుకుంటారు. మా అత్తగారికి 67, షుగరు బీపీ రెండూ ఉన్నాయి, ఈ మధ్య మతిమరుపు కూడా వచ్చింది, బీపీ నార్మల్ వచ్చిందని 2 నెలల నుంచి బిళ్ల ఆపేశారు. మొన్న మంగళవారం అన్నం తింటుంటే చేతిలో ముద్ద జారిపోయింది, మాట కూడా తేడాగా వచ్చింది, ఒక 10 నిమిషాలకి మామూలైపోయారు, నీరసం అనుకున్నాం. చచ్చిపోయిన కణాలు మళ్లీ రావంట నిజమేనా? బాబుకి బ్రెయిన్ పౌడర్ ఒకటి 1,800 రూపాయలది తెప్పిద్దామనుకుంటున్నా, వాడొచ్చా?

సమాధానం: అమ్మా, మీ దిగులంతా బాబు గురించే, కానీ నేను చదువుతూ చదువుతూ ఆగిపోయింది మాత్రం మీ అత్తగారి దగ్గర. మిగతాదంతా తర్వాత తీరిగ్గా చదువుకోండి, ముందు ఆవిడని ఈరోజే, అంటే మీరు ఇది చదివిన రోజే, స్కానింగ్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి, న్యూరాలజిస్టు ఉంటే మరీ మంచిది, లేకపోతే జనరల్ ఫిజీషియన్ అయినా సరే. నీరసం వస్తే ఒళ్లంతా వాలిపోతుంది గానీ ఒక్క చేతిలో పట్టు పోయి, సరిగ్గా అదే టైంకి మాట తడబడి, 10 నిమిషాల్లో రెండూ కలిసి మామూలైపోవు. మెదడుకి వెళ్లే రక్తనాళంలో చిన్న గడ్డ అడ్డం పడి, దానంతటదే కరిగి దారి ఇచ్చినప్పుడు ఇలాగే అవుతుంది. దీన్ని మేం టీఐఏ అంటాం, బయట మినీ స్ట్రోక్ అంటారు. తగ్గిపోయింది కదా అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, కానీ ఇలా వచ్చి పోయినవాళ్లకి అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం మొదటి 2 రోజుల్లో బాగా ఎక్కువ, ఆ తర్వాత కూడా 3 నెలల దాకా ఉంటుంది, కాబట్టి మంగళవారం దాటిపోయింది ఇంకేం కాదులే అనుకోవద్దు.

వెళ్లేటప్పుడు ఆవిడ వాడే బిళ్లల స్ట్రిప్పులన్నీ, ఆపేసినవి కూడా, ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. ఎన్నింటికి అయింది, ఏ చేయి, ఎంతసేపు ఉంది అనేది కాగితం మీద రాసుకోండి, అక్కడికి వెళ్లాక కంగారులో మర్చిపోతారు. వాళ్లు స్కాన్ తీస్తారు, గుండె లయ సరిగా ఉందో లేదో చూడ్డానికి ఈసీజీ తీస్తారు, మెడలో రక్తనాళాలకి రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేస్తారు, షుగరు కొలెస్ట్రాల్ చూస్తారు, రక్తం గడ్డ కట్టకుండా మందు అవసరమో కాదో అప్పుడు తేలుస్తారు. ఎవరో చెప్పారని ఇంట్లో ఆస్పిరిన్ మొదలుపెట్టకండి, స్కాన్ చూడకుండా అది గడ్డా రక్తస్రావమా అనేది ఎంత పెద్ద డాక్టరైనా చెప్పలేడు, రక్తం కారుతున్నచోట ఆస్పిరిన్ వేస్తే ఇంకా కారుతుంది.

బీపీ బిళ్ల సంగతి. నార్మల్ వచ్చింది బిళ్ల వేసుకోవడం వల్లనే అమ్మా, బిళ్ల ఆపితే ఆ నార్మల్ ఎన్నాళ్లో ఉండదు. ఈ ఒక్క మాట ఓపీలో కూర్చుని ఎంతమందికి చెప్పానో, చెప్పిన ప్రతిసారీ "తల తిరగడం లేదు కదండీ, నొప్పి లేదు కదండీ" అంటారు. బీపీ నొప్పి పుట్టించదు, అదే దానితో ఉన్న పెద్ద ఇబ్బంది. మెదడు లోపల వెంట్రుకల్లాంటి సన్న రక్తనాళాలు ఉంటాయి, ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడి పడితే వాటి గోడలు మందమై గట్టిపడి కొన్ని మూసుకుపోతాయి, కొన్ని చిట్లుతాయి, దాంతో అక్కడక్కడ చిన్న చిన్న చోట్ల కణాలు చచ్చిపోతూ ఉంటాయి, మనిషికి ఏమీ తెలీదు, కొన్నేళ్లకి నడక నెమ్మదిస్తుంది, మతిమరుపు మొదలవుతుంది. వయసు మీద పడిందిలే అనుకుంటాం. ఆవిడ మతిమరుపులో దీని వాటా ఎంతో కూడా ఆ స్కాన్‌లో కొంత తెలుస్తుంది. బిళ్ల మళ్లీ ఏది, ఎంత డోసు అనేది డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి, ఆపేసిన రోజులకి కలిపి రెండేసి వేయకండి.

ఇప్పుడు మీరడిగిన అసలు ప్రశ్న, మెదడు కణాలు దేనివల్ల చచ్చిపోతాయి అని. మన ఒంటి బరువులో మెదడు 2 శాతమే, కానీ మనం పీల్చే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడేసుకుంటుంది, పైగా కండరాలకీ లివర్‌కీ ఉన్నట్టు దానికి నిల్వ అంటూ పెద్దగా ఉండదు, ఎప్పటికప్పుడు రక్తం తెచ్చిపెట్టాల్సిందే. గుండె పూర్తిగా ఆగిపోతే 4, 5 నిమిషాల్లో కణాలు చావడం మొదలవుతుంది, గుండె ఆగిన మనిషికి అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మీద నొక్కుతూ ఉండమని చెప్పేది అందుకే. పక్షవాతంలో మెదడు మొత్తానికి కాకుండా ఒక భాగానికి రక్తం ఆగుతుంది. కాలవ తూముకి చెత్త అడ్డం పడితే తూము దగ్గర మడి ముందు ఎండిపోతుంది, దాని చుట్టూ ఉన్న మళ్లు పక్క బోదెల్లోంచి వచ్చే తడితో ఇంకొంచెంసేపు వాడిపోయి నిలబడి ఉంటాయి చూడండి, మెదడులో కూడా అంతే, నడిమధ్య కణాలు నిమిషాల్లో పోతాయి, చుట్టూ ఉన్నవి పని మానేస్తాయి గానీ ఇంకా బతికే ఉంటాయి. మేం ఆదుకోగలిగేది ఆ చుట్టూ ఉన్నవాటినే, అదీ గంటల లెక్కలో. పెద్ద రక్తనాళం మూసుకుపోయి వైద్యం అందకపోతే నిమిషానికి సగటున 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడులోని నాడీకణాలు, పోతాయని జెఫ్రీ సేవర్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు 2006లో లెక్క కట్టాడు, గంటకి దాదాపు 12 కోట్లు. మొత్తం ఉన్నవి ఎన్ని అంటే 8,600 కోట్ల దాకా, బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో హౌజెల్ బృందం 2009లో చెప్పిన లెక్క ఇది. చాలానే ఉన్నాయి కదా అనుకోవచ్చు, కానీ మాటకి సంబంధించినవి ఒక చోట, చేతికి సంబంధించినవి ఒక చోట ఉంటాయి, అక్కడివి పోతే ఆ పని పోయినట్టే.

మా దగ్గరికి వచ్చిన ఒక మిర్చి రైతు గురించి చెప్తా. 50 ఏళ్లు. తెల్లవారుజామున 4కి లేచి బాగానే గేదెకి గడ్డి వేశాడు, 5 అప్పుడు చెప్పులు తొడుక్కోబోతే కుడికాలి చెప్పు జారిపోతోంది, వంగి చేత్తో సర్దుదామంటే కుడిచేతికి పట్టు రావట్లేదు, భార్యని పిలిచి టీ పెట్టమని అనబోతే నోట్లోంచి ఇంకేదో మాట వచ్చింది. ఆవిడ తిమ్మిరి పట్టిందనుకుని కొబ్బరినూనె రాసింది, పక్కింటివాళ్లు వచ్చి వాతం కమ్మింది పసరు మందు పడాలి అన్నారు, ఆటోలో ఎక్కించి 30 కిలోమీటర్లు పసరు పోసే ఊరికి తీసుకెళ్లారు, అక్కడ లైన్లో కూర్చుని పసరు తాగించి, తిరిగొస్తుంటే ఎవరో చదువుకున్న కుర్రాడు చెప్తే మా దగ్గరికి తెచ్చారు. అప్పుడు టైం మధ్యాహ్నం 2. గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. వాళ్ల ఊరి నుంచి మా ఆస్పత్రికి 40 నిమిషాల దారి. ఆయన ఇప్పుడు నడుస్తాడు కాలు ఈడ్చుకుంటూ, పిల్లల పేర్లు మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతాయి. ఆ కుటుంబం అజాగ్రత్త మనుషులు కాదు, ఆటో ఖర్చుకి వెనకాడలేదు, పరుగు పెట్టారు, పెట్టింది మాత్రం వేరే దిక్కుకి. నాకు బాధ ఆ విషయంలోనే.

అందుకని మీ ఇంట్లో అందరికీ, బాబుతో సహా, ఇది నేర్పండి. అనుమానం వస్తే మనిషిని పళ్లు కనపడేలా నవ్వమనండి, మూతి ఒకవైపుకి లాగేస్తుందేమో చూడండి. రెండు చేతులూ ముందుకి చాపి కళ్లు మూసుకోమనండి, ఒక చేయి కిందకి జారుతుందేమో చూడండి. ఇవాళ ఏం వారం, ఏం కూర అని ఒక పూర్తి వాక్యం చెప్పించండి. ఒక్కసారిగా చూపు పోవడం, ఒక్కసారిగా తూలిపోవడం కూడా ఇందులోకే వస్తాయి. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా 108కి ఫోన్ చేసి, చివరిసారి మనిషి బాగా ఉన్నది ఎన్నింటికో గుర్తుపెట్టుకుని, 24 గంటలూ సీటీ స్కాన్ ఉండే ఆస్పత్రికే నేరుగా వెళ్లండి, మధ్యలో ఇంకెక్కడా దిగకండి. నోట్లో నీళ్లు గానీ కాఫీ గానీ బిళ్ల గానీ పెట్టకండి, మింగడం దెబ్బతిని ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో షుగర్ మిషన్ ఉంటే ఒక చుక్క చూడండి, షుగరు బాగా పడిపోయినా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. మీ అత్తగారి విషయంలో ఇది మరీ ముఖ్యం, షుగరు బిళ్ల వేసుకుని ఏకాదశి అనో శనివారం అనో ఉపవాసం ఉంటారేమో కనుక్కోండి, కొన్ని రకాల బిళ్లలతో అది చాలా ప్రమాదం, బాగా తగ్గిపోయి గంటల తరబడి అలాగే ఉండిపోతే మెదడు కణాలు దెబ్బతింటాయి.

ఇక ఆ వాట్సాప్ మెసేజ్. ఏళ్ల నుంచి తిరుగుతోంది అది, రంగు రంగుల ఫోటోలతో, ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరు పెట్టారు గానీ వాళ్లు చెప్పింది కాదు. అందులో సిగరెట్టు, గాలి కాలుష్యం, నిద్ర తగ్గిపోవడం, ఈ మూడూ నిజంగా పట్టించుకోవాల్సినవే. స్వీట్లు అన్నది సగం నిజం, షుగరు జబ్బు కంట్రోల్‌లో లేకపోతే రక్తనాళాలు పాడై మెదడుకి దెబ్బ, అంతేగానీ బాబు రెండు లడ్డూలు తింటే కణాలు చావవు. ముసుగు తన్ని పడుకుంటే ఏం కాదు, మన దుప్పట్లలోంచి గాలి ఆడుతుంది, అందరం చలికాలంలో అలా పడుకునే పెరిగాం. టిఫిన్ తినకపోతే పదింటికి నీరసంగా ఉంటుంది, పాఠం ఎక్కదు, అంతవరకే. జ్వరంలో చదివితే కణాలు పోవు, మామూలు జ్వరం వల్ల కూడా పోవు. కానీ జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం, ఆగని వాంతులు, పొంతన లేని మాటలు, ఫిట్స్, ఇవి ఏవి కనిపించినా మెదడువాపో, మెదడు చుట్టూ ఉండే పొరలు వాచే మెనింజైటిసో అయి ఉండొచ్చు, ఇవి నిజంగా కణాలని తినేస్తాయి, గంట కూడా ఆగకూడదు. ఫిట్స్ 5 నిమిషాలు దాటి ఆగకపోతే కారణం ఏదైనా సరే ఎమర్జెన్సీయే, చేతిలో తాళాలు పెట్టి కూర్చోకుండా, మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టి బండి పిలవండి.

బాబు నిద్ర గురించి మాత్రం మీ దిగులు సరైనదే. 4 గంటల నిద్ర వల్ల ఇన్ని కణాలు చచ్చిపోతాయి అని మనుషుల్లో లెక్క ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను, కానీ పగలు చదివింది బుర్రలో కుదురుకునేది రాత్రి నిద్రలోనే, ఈ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటలు కావాలి, మన కాలేజీల టైంటేబుళ్లలో అది దొరకదని నాకూ తెలుసు, దొరకనివ్వకపోవడం పెద్దవాళ్లం చేస్తున్న తప్పు. కనీసం రాత్రి 12 తర్వాత పుస్తకం మూయించండి, ఫోను వేరే గదిలో పెట్టించండి. ఫోను రేడియేషన్ కణాలని చంపుతుందని కాదు, దానికి గట్టి ఆధారం లేదు, అది చేతిలో ఉంటే నిద్ర రాదు, అంతే. అన్నట్టు బాబు బండి నడుపుతాడా? మీరు రాయలేదు. మా వార్డులో ఆ వయసు పిల్లలు పడుకుని ఉంటే కారణం ముసుగూ కాదు టిఫినూ కాదు, తలకి దెబ్బ. తల ఆగిపోయినా లోపల మెదడు ఊగిపోయి, కణాల మధ్య ఉండే సన్నని తీగలు తెగిపోతాయి, కొన్నిసార్లు పైకి చిన్న గీత కూడా ఉండదు, మనిషి మాత్రం లేవడు. హెల్మెట్ పెట్టుకోవడమే కాదు, గడ్డం కింద స్ట్రాప్ బిగించాలి, ట్యాంక్ మీద పెట్టుకుని పోలీసుని చూసి తగిలించుకునేది దేనికీ పనికిరాదు.

మీవారి మందు గురించి రాశారు, ఒక్కో పెగ్గుకి ఇన్ని వేల కణాలు పోతాయని అంటుంటారు, అది నిజం కాదు. కానీ ఎక్కువగా, ఏళ్ల తరబడి తాగేవాళ్లలో కణాల కొమ్మలు దెబ్బతింటాయి, మెదడు కుంచించుకుపోతుంది, స్కాన్‌లో స్పష్టంగా తెలుస్తుంది. దానికి తోడు అన్నం సరిగా తినక బీ1 విటమిన్ అయిపోతే మెదడులో జ్ఞాపకాలకి సంబంధించిన చోటే దెబ్బ తగిలి, పొద్దున ఏం తిన్నాడో కూడా చెప్పలేని స్థితికి వస్తారు, ముదిరాక పూర్తిగా తిరిగి రాదు. మంచి సంగతి ఏంటంటే మానేస్తే కుంచించుకుపోయిన మెదడు కొన్ని నెలల్లో కొంతవరకు కోలుకుంటుంది. శని ఆదివారాలు అన్నారు, ఎంత అనేది రాయలేదు, క్వార్టర్ దాటుతుంటే అది తక్కువ కాదు. తాగి బండి నడపడం మాత్రం ఒక్కసారి కూడా వద్దు. తాగినప్పుడు కింద పడి తలకి తగిలితే మత్తులే అని పడుకోబెట్టేయకండి, లోపల రక్తం చేరుతున్నా మత్తుగానే కనిపిస్తుంది. నాటుసారా, ఎక్కడిదో తెలియని మందు అసలు ముట్టుకోవద్దని చెప్పండి, అందులో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిస్తే కంటి నరం, మెదడు లోపలి భాగాలు రెండూ పోతాయి.

ఇంకొన్ని చకచకా చెప్పేస్తా. మన రోహిణి ఎండల్లో వడదెబ్బ తగిలి ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మనిషి తిక్కతిక్కగా మాట్లాడుతుంటే అది మెదడు ఉడుకుతున్నట్టే, నీడకి చేర్చి ఒళ్లంతా తడిపి విసురుతూ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టి కిటికీ మూసేస్తే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ చేరి స్నానం చేస్తూనే పడిపోతారు, మీకు ఉంటే గీజర్ బయట పెట్టించండి. సీసం చిన్నపిల్లల మెదడుకి విషం, పాత పెయింట్లలో, కల్తీ పసుపులో, కొన్ని భస్మాలు కలిపిన మందుల్లో బయటపడింది. 2020 డిసెంబర్‌లో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు వాళ్ల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో కనిపించింది, మీకు గుర్తుండే ఉంటుంది.

చచ్చిపోయినవి మళ్లీ వస్తాయా అంటే, చర్మంలా, ఎముకలా మెదడు కొత్త కణాలతో పూడ్చుకోదు, పోయినవి దాదాపు పోయినట్టే. కానీ బతికున్న కణాలు కొత్త దారులు వేసుకుని పోయినవాటి పని కొంత నేర్చుకుంటాయి, పక్షవాతం వచ్చినవాళ్లకి ఫిజియోథెరపీ, మాట కోసం స్పీచ్ థెరపీ చేయించేది అందుకే, ఎంత త్వరగా మొదలుపెట్టి ఎంత పట్టుగా చేస్తే అంత. 3 నెలలు చేయించి ఇంక లాభం లేదని ఆపేస్తారు చాలామంది, దయచేసి ఆపకండి, నెమ్మదిగా అయినా ఆ తర్వాత కూడా మార్పు వస్తుంది.

మీ అత్తగారి మతిమరుపుకి ఇంకో రెండు చూపించండి. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే బీ12 తగ్గిపోతుంది, శాకాహారులైతే ఇంకా తగ్గుతుంది, దానివల్ల వచ్చే మతిమరుపు త్వరగా పట్టుకుంటే బాగుపడే రకం, రక్త పరీక్ష చాలు. రెండోది చెవులు. వినపడనివాళ్లు నెమ్మదిగా మాటలు తగ్గించేసుకుని మూలన కూర్చుంటారు, లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పిన డిమెన్షియా, అంటే ముదిరే మతిమరుపు జబ్బు, కారణాల్లో వినికిడి లోపం, బీపీ, షుగరు, ఒంటరితనం అన్నీ ఉన్నాయి, అలాంటివి 14 సరిచూసుకుంటే దాదాపు 45 శాతం కేసులు రాకుండానో ఆలస్యంగానో చేయొచ్చని వాళ్ల అంచనా. ఆ మెసేజ్‌లో తక్కువ మాట్లాడటం అని రాసినదానికి దగ్గరగా ఉన్న నిజం ఇదే, మాట తగ్గడం కాదు, మనిషి ఒంటరి అయిపోవడం.

బ్రెయిన్ పౌడర్ వద్దు. బాబు కడుపునిండా అన్నం, పప్పు, గుడ్డు, ఆకుకూర తిని నిద్రపోతే చాలు, లోపల ఏం కలిపారో తెలీని పొడి అవసరం లేదు. ఆ 1,800తో చేతికి కట్టే బీపీ మిషన్ కొనండి, మణికట్టుకి కట్టేది కాదు, పైచేతికి కట్టేది. అత్తగారిని వీపు ఆనించి 5 నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లు నేలకి ఆనించి, చేయి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టి, కాఫీ తాగి ఉంటే అరగంట ఆగి చూడండి, చూసేటప్పుడు ఆవిడతో మాట్లాడకండి. పొద్దున రెండుసార్లు సాయంత్రం రెండుసార్లు ఒక వారం రాసి ఆ పుస్తకం డాక్టరుకి చూపించండి. అయితే మిషన్ వచ్చేదాకా ఆగాలనుకోకండి, ఆస్పత్రికి మాత్రం ఈరోజే.